బండి ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి
(సొంత రాక్ క్రాలర్ తయారుచేసుకునే పద్ధతి)

రిమోట్ కారు అనగానే దుమ్ము రేపుకుంటూ దూసుకుపోయే బండే చాలామందికి గుర్తొస్తుంది. రాక్ క్రాలర్ తీరు వేరు. మనిషి నడకకు మించని వేగంతో, ఒక్కో చక్రానికీ పట్టు వెతుక్కుంటూ బండరాళ్ల మీదికి పాకుతుంది. దీని పోటీల్లో బండిని జంట గుర్తుల మధ్య నుంచి దాటించాలి. గుర్తుకు తగిలినా, రివర్స్ వేసినా పాయింట్లు పడతాయి. చివరికి తక్కువ పాయింట్లున్నవాళ్లే గెలుస్తారు. నిదానమే ప్రధానం అని మనవాళ్లు చెప్పింది ఇక్కడ ఆట నియమం.

సొంతంగా క్రాలర్ కట్టుకోవాలని బయల్దేరేవాళ్లలో ఎక్కువమందిని రాళ్లు ఓడించవు, ఆరంభశూరత్వం ఓడిస్తుంది. నాలుగు వీడియోలు చూస్తారు. ఛాసిస్ ఒకచోట, ఇరుసులు ఇంకోచోట, మోటారు మరోచోట ఆర్డరు పెడతారు. ఒకటి సమయానికి రాదు. వచ్చినదాని బోల్టు రంధ్రాలు ఛాసిస్‌తో కలవవు. ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఆ తర్వాత అట్టపెట్టె అటకెక్కుతుంది.

ఇలా జరగకుండా ఉండాలంటే ఒక నియమం పెట్టుకోవాలి. మొదటి రోజు నుంచి మీ బండి నడిచే స్థితిలోనే ఉండాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. మార్చిన తర్వాత అదే రాయి మీద, అదే దారిలో మళ్లీ ఎక్కించి చూడాలి. ఈ అధ్యాయంలో మిగతాదంతా ఆ నియమాన్ని ఏ వరుసలో అమలుచేయాలన్నదే.

ఈ ఆట పుట్టిందే సొంత తయారీతో

అమెరికా పడమటి రాష్ట్రాల్లో జీపులతో బండరాళ్లు ఎక్కడం పాత సరదా. కాలిఫోర్నియాలో సియెరా నెవాడా పర్వతాల మీదుగా పోయే రూబికాన్ ట్రయిల్, యూటా రాష్ట్రంలోని మోయాబ్ అందుకు పేరున్న చోట్లు. దాన్నే చిన్న బండ్లతో ఆడాలనుకున్నవాళ్లకు మొదట్లో కొనడానికి తగిన బండే లేదు. జపాన్‌కు చెందిన టమియా కంపెనీ 1987లో క్లాడ్ బస్టర్ అనే మాన్‌స్టర్ ట్రక్కును తెచ్చింది. దానిలో ఒక్కో ఇరుసుకు ఒక్కో మోటారు ఉంటుంది, ముందు చక్రాలతోపాటు వెనుక చక్రాలూ పక్కకు తిరుగుతాయి. ఔత్సాహికులు ఆ ఇరుసులను విప్పి, ఇంట్లో కోసుకున్న ఛాసిస్‌లకు బిగించి క్రాలర్లు చేసుకున్నారు. కంపెనీలు ఆ తర్వాతే మేలుకున్నాయి. ఆక్సియల్ వారి ఎస్‌సీఎక్స్10 వచ్చింది. 2017లో ట్రాక్సస్ వారి టీఆర్‌ఎక్స్-4 పోర్టల్ ఇరుసులతో వచ్చింది. పోర్టల్ ఇరుసులో చక్రం దగ్గర అదనంగా ఒక గేర్ల జత ఉంటుంది. దానివల్ల ఇరుసు గొట్టం చక్రం మధ్యబిందువు కన్నా పైకి లేస్తుంది, కింద రాయి దూరడానికి చోటు పెరుగుతుంది.

మొదటి మెట్టు: మామూలు కిట్, మామూలుగా

1/10 సైజునే ఎంచుకోండి. విడిభాగాలు ఎక్కువగా దొరికేది దీనికే. 1.9 అంగుళాల చక్రాలు, వాటిని ఇరుసుకు పట్టించే 12 మి.మీ. హెక్స్ ఈ సైజులో దాదాపు ప్రామాణికమైపోయాయి, కాబట్టి ఒక కంపెనీ చక్రం ఇంకో కంపెనీ ఇరుసుకు పడుతుంది. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం సాధారణంగా 313 లేదా 324 మి.మీ. ఉంటుంది. బాడీ కొనేముందు ఈ అంకె సరిచూసుకోకపోతే చక్రం వచ్చి ఫెండర్ మధ్యలో నిలుస్తుంది.

రెడీమేడ్ బండి కన్నా కిట్ మేలు. విడిభాగాలుగా వచ్చినదాన్ని మీరే బిగిస్తే, రేపు రాళ్ల మధ్య ఏది ఊడినా అది ఎక్కడిదో మీకు తెలుస్తుంది. పనిముట్లు కొన్నే చాలు. 1.5, 2, 2.5 మి.మీ. అలెన్ డ్రైవర్లు, ఎం3 నట్లకు 5.5 మి.మీ., చక్రాల ఎం4 నట్లకు 7 మి.మీ. నట్ డ్రైవర్లు, 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, ఒక డిజిటల్ మల్టీమీటరు. అలెన్ డ్రైవర్లు మాత్రం చవకవి కొనకండి. మొన అరిగితే బోల్టు తల గుండ్రమై, దాన్ని తీయడానికే ఒక పూట పోతుంది.

బిగించేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి రెండు. లోహంలోకి పోయే ప్రతి లోహపు బోల్టుకూ నీలం రంగు థ్రెడ్‌లాక్ ఒక చుక్క వేయాలి. ప్లాస్టిక్‌లోకి పోయేదానికి వేయకూడదు, కొన్ని రకాల ప్లాస్టిక్ దానికి పగులుతుంది. రెండోది మోటారు గేరుకూ పెద్ద గేరుకూ మధ్య సందు. నోటుపుస్తకం కాగితాన్ని సన్నగా చింపి రెండు గేర్ల పళ్ల మధ్య పెట్టండి. మోటారును పెద్ద గేరుకు ఆనించి స్క్రూలు బిగించి, గేరు తిప్పుతూ కాగితాన్ని బయటికి తీయండి. దాని మీద పళ్ల ముద్ర మడతమడతలుగా పడాలి, కాగితం చిరగకూడదు. చిరిగితే గేర్లు మరీ దగ్గరగా ఉన్నట్టు. ముద్ర సరిగ్గా పడకపోతే మరీ దూరంగా ఉన్నట్టు, బరువు పడగానే పళ్లు అరిగిపోతాయి.

కిట్ పూర్తయ్యాక వెంటనే ఏదీ మార్చకండి. మీకు అందుబాటులో ఉన్న ఒక రాయిని, దాని మీద ఒక దారిని ఎంచుకోండి. హైదరాబాద్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఈ విషయంలో అదృష్టం ఎక్కువ. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుండ్లు ఖాజాగూడ లాంటి చోట్ల ఇంకా మిగిలి ఉన్నాయి. గరుకైన గ్రానైట్ మీద మెత్తటి రబ్బరుకు బాగా పట్టు దొరుకుతుంది. రాయి లేని ఊళ్లో పునాది రాళ్ల కుప్ప అయినా సరిపోతుంది. బండి ఆ దారిలో ఎక్కడ ఆగింది, ఎక్కడ పల్టీ కొట్టింది, ఏ చక్రం గాలిలో తిరిగింది, ఇవన్నీ నోటుపుస్తకంలో రాయండి. ఇకమీద చేసే మార్పులన్నింటికీ ఆ పేజీయే కొలబద్ద.

మొదటి మార్పు: టైర్లు

డబ్బు మొదట నేలకు తగిలేచోట పెట్టాలి. ఎంత మంచి మోటారైనా టైరు జారితే గాలిలో తిరగడం తప్ప చేసేదేమీ ఉండదు. మెత్తటి రబ్బరు టైర్లు, వాటిని రింగుతో నొక్కిపట్టే బీడ్‌లాక్ చక్రాలు తీసుకోండి. బీడ్‌లాక్‌కు జిగురు అక్కర్లేదు, చిన్న స్క్రూలు విప్పితే టైరు ఊడివస్తుంది. లోపలి స్పాంజిని మార్చి చూసుకునే వీలుండటమే దీని లాభం.

ఈ స్పాంజిని చాలామంది పట్టించుకోరు. మరీ గట్టిదైతే టైరు రాయి ఆకారానికి ఒదగక ఎగిరిపడుతుంది. మరీ మెత్తదైతే ఏటవాలులో టైరు పక్కకు మడతపడి బండి దొర్లుతుంది. లోపల గట్టిగా, బయట మెత్తగా ఉండే రెండు పొరల స్పాంజి మంచి మొదలు. చక్రానికి గాలి పోయే చిన్న రంధ్రం ఉండాలి. అది లేకపోతే లోపలి గాలి తప్పుకోలేక టైరు బెలూన్‌లా గట్టిపడుతుంది.

రెండో మార్పు: సర్వో, దాని కరెంటు

రెండు రాళ్ల మధ్య ఇరుక్కున్న ముందు చక్రాన్ని పక్కకు తిప్పాలంటే బలం కావాలి. 25 కిలో-సెంటీమీటర్లు, అంతకు మించిన టార్క్ ఉన్న, లోహపు గేర్ల సర్వో (స్టీరింగ్‌ను తిప్పే మోటారు) పెట్టండి. అయితే సర్వో ఒక్కదాన్నే మార్చి ఊరుకుంటే కొత్త తలనొప్పి మొదలవుతుంది. చక్రం ఇరుక్కుని సర్వో కదలలేకపోయినప్పుడు అది చాలా కరెంటు లాగుతుంది. స్పీడ్ కంట్రోలర్‌లో సర్వోకూ రిసీవర్‌కూ కరెంటిచ్చే భాగమైన బీఈసీ అంత ఇవ్వలేకపోతే వోల్టేజీ ఒక్కసారిగా పడిపోయి రిసీవర్ ఆగిపోతుంది. చూసేవాళ్లకు రిమోట్ రేంజి పోయినట్టు అనిపిస్తుంది. రిమోట్ మార్చేవాళ్లూ ఉన్నారు, జబ్బు ఒకటైతే మందు ఇంకోటి వేసినట్టు.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. ముందు చక్రాన్ని గోడ మూలకు ఆనించి స్టీరింగ్ పూర్తిగా తిప్పి పట్టుకుని రిసీవర్ లైటు చూడండి. మిణుకుమంటే కరెంటు చాలడం లేదని అర్థం. సర్వోకు కావాల్సిన వోల్టేజీకి సెట్ చేసిన విడి బీఈసీ పెట్టండి. దాన్ని రిసీవర్‌కు కలిపితే స్పీడ్ కంట్రోలర్ నుంచి రిసీవర్‌కు వచ్చే ఎర్ర తీగను ప్లగ్గు నుంచి తీసి టేపు చుట్టాలి. రెండు వైపుల నుంచి కరెంటు రాకూడదు. ఆ వోల్టేజీని రిసీవర్ తట్టుకుంటుందో లేదో ముందే దాని కాగితంలో చూసుకోండి.

చివరగా రిమోట్‌లో ఎండ్ పాయింట్లు సరిచేయండి. చక్రాలు పూర్తిగా తిరిగాక కూడా సర్వో గుయ్యిమంటోందంటే అది ఇంకా తోస్తూనే ఉందన్నమాట. ఆ మోత ఆగేదాకా అంకె తగ్గించండి.

మూడో మార్పు: బరువు ఎక్కడ ఉంది?

గడ్డి ఎత్తుగా వేసుకున్న లారీ మలుపులో ఎలా ఒరుగుతుందో మనకు తెలుసు. క్రాలర్ విషయంలోనూ మొదటి సూత్రం అదే, బరువు కిందికి దిగాలి. రెండో సూత్రం, బరువు ముందుకు జరగాలి. నిటారు రాయి ఎక్కేటప్పుడు బరువు తనంతట తనే వెనక్కి పోతుంది. ముందు చక్రాల మీద ఏమీ మిగలకపోతే బండి వెల్లకిలా పడుతుంది. నేల మీద నిలిపినప్పుడు మొత్తం బరువులో 55 నుంచి 60 శాతం ముందు చక్రాల మీద ఉండేలా చూసుకోవడం మంచి లక్ష్యం.

దీనికి వంటింటి కాటా చాలు. ముందు చక్రాలను కాటా మీద, వెనుక చక్రాలను అంతే ఎత్తున్న పుస్తకాల మీద పెట్టి బరువు చూడండి. తర్వాత బండిని తిప్పి పెట్టండి. ఒక ఉదాహరణ చూద్దాం. ముందు 1,250, వెనుక 1,350, మొత్తం 2,600 గ్రాములు వచ్చిందనుకోండి. ముందు వాటా 48 శాతమే. బ్యాటరీ బరువు 180 గ్రాములు. దాన్ని 200 మి.మీ. ముందుకు జరిపితే ముందు ఇరుసు మీద ఎంత పెరుగుతుంది? బ్యాటరీ బరువును జరిపిన దూరంతో గుణించి, ఇరుసుల మధ్య దూరమైన 313తో భాగించండి. 115 గ్రాములు. పైసా ఖర్చు లేకుండా ముందు 1,365, వెనుక 1,235 అయింది. 

ఇప్పుడు ముందు చక్రాల దగ్గర ఒక్కో వైపు 60 గ్రాముల ఇత్తడి నకిల్ (చక్రాన్ని పట్టుకుని స్టీరింగ్‌తోపాటు తిరిగే భాగం) పెడితే ముందు 1,485 అవుతుంది. మొత్తం 2,720లో 54.6 శాతం. ఆపైన ముందు చక్రాల లోపల ఒక్కోదాంట్లో 80 గ్రాముల ఇత్తడి రింగు వేస్తే 1,645. మొత్తం 2,880లో 57 శాతం. పని అయిపోయింది.

ఆ రింగులను విదేశాల నుంచి తెప్పించక్కర్లేదు. బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో లేత్ మిషన్ షాపుకు కొలతలు పట్టుకెళ్లండి. బయటి వ్యాసం 40, లోపలి వ్యాసం 20, మందం 10 మి.మీ. ఉన్న ఇత్తడి రింగు దాదాపు 80 గ్రాములు తూగుతుంది. ముందుగా మీ చక్రం లోపల ఎంత చోటుందో కొలిచి, చక్రం తిరిగేటప్పుడు రింగు నకిల్‌కు రాసుకోదని చూసుకోండి. ఎం3 అలెన్ బోల్టులు, బేరింగులు కావాలంటే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక చుట్టు తిరిగితే చాలు.

బరువులు సరిచేశాక పక్కవాలు పరీక్ష చేయండి. బండిని ఒక చెక్క పలక మీద అడ్డంగా నిలిపి, పలక మీద ఫోనును వాలు కొలిచే యాప్‌తో పెట్టి, ఒక అంచును మెల్లగా ఎత్తండి. పై వైపు చక్రాలు ఏ కోణంలో లేస్తున్నాయో రాసుకోండి. టాప్ మీద లగేజీ క్యారియర్, జెర్రీ క్యాన్లు, బొమ్మ స్టెప్నీ పెట్టి మళ్లీ కొలవండి. అందానికి ఎన్ని డిగ్రీలు చెల్లించారో అంకెల్లో కనిపిస్తుంది. పెట్టుకోవద్దనడం లేదు, తెలిసి పెట్టుకోమంటున్నాను.

నాలుగో మార్పు: వేగం, మోటారు

మోటారు మార్చాలనే కోరిక అందరికీ మొదటి రోజే పుడుతుంది. అందుకే దీన్ని నాలుగో స్థానానికి నెట్టాను. ముందు లెక్క వేయండి. మోటారు గేరుకు 14 పళ్లు, పెద్ద గేరుకు 56 పళ్లు ఉంటే నిష్పత్తి 4. గేర్‌బాక్స్‌లో 3, ఇరుసులో 3.5 అనుకుంటే మొత్తం 42. అంటే మోటారు 42 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. మోటారు నిమిషానికి 12,600 చుట్లు తిరిగితే చక్రం 300 చుట్లు. టైరు వ్యాసం 120 మి.మీ. అయితే చుట్టుకొలత 377 మి.మీ. నిమిషానికి 113 మీటర్లు, గంటకు దాదాపు 6.8 కిలోమీటర్లు. బండి వెంట చురుగ్గా నడిచి అందుకోగల వేగం. రాళ్ల మీద ఇంతకన్నా ఎక్కువ మీకు అవసరం రాదు.

బ్రష్డ్ మోటార్లలో తీగ చుట్ల సంఖ్య పెరిగేకొద్దీ వేగం తగ్గి అదుపు పెరుగుతుంది. రెండు సెల్‌ల బ్యాటరీకి 35 చుట్లది, మూడు సెల్‌లదానికి 45 నుంచి 55 చుట్లది బాగుంటుంది. స్పీడ్ కంట్రోలర్‌లో డ్రాగ్ బ్రేక్‌ను పూర్తిగా పెట్టండి. ట్రిగ్గర్ వదలగానే బండి ఏటవాలు మీద ఉన్నచోటే ఆగాలి. ఆగి, వంగి చూసి, మళ్లీ అంగుళం కదిలించగలగడంలోనే క్రాలర్ నడిపేవాడి పనితనం ఉంటుంది.

ఐదో మార్పు: సస్పెన్షన్, బాడీ

ఇక్కడ తొందర వద్దు. షాక్ అబ్జార్బర్లు బండి బరువుకు కొంత కిందికి కూర్చోవాలి. మొత్తం కదలికలో మూడో వంతు కూర్చుంటే మొదలుపెట్టడానికి చాలు. అలా ఉంటేనే గుంట వచ్చినప్పుడు చక్రం కిందికి దిగి నేలను అందుకుంటుంది. గట్టి స్ప్రింగులు పెడితే చక్రం గాలిలో వేలాడుతుంది. మధ్యలో కిందికి ఉండే ప్లేటు, కింది లింకులు నున్నగా ఉండాలి. బోల్టు తలలు బయటికి పొడుచుకొస్తే రాయి అంచుకు తట్టుకుని బండి అక్కడే ఆగుతుంది.

బాడీ మీ ఇష్టం. పలుచని లెక్సాన్ బాడీ తేలిక, దానికి రంగు లోపలి వైపు నుంచి వేస్తారు కాబట్టి గీతలు పడినా రంగు పోదు. గట్టి ప్లాస్టిక్ బాడీ అసలు జీపులా కనిపిస్తుంది, కానీ బరువంతా పైనే. త్రీడీ ప్రింటింగ్‌తో బంపర్లు, బ్యాటరీ ట్రేలు చేసుకునేవాళ్లు పీఎల్‌ఏ వాడకండి. 60 డిగ్రీల దగ్గర అది మెత్తబడుతుంది, మే నెలలో ఎండలో నిలిపిన కారు లోపల ఆ వేడి పెద్ద విషయం కాదు. పీఈటీజీ కాస్త నయం, ఏఎస్‌ఏ ఇంకా నయం.

రాజీ పడకూడనిది: బ్యాటరీ

మిగతా ఏ భాగం పాడైనా డబ్బే పోతుంది. లైపో బ్యాటరీ విషయంలో అజాగ్రత్తగా ఉంటే ఇల్లు అంటుకుంటుంది. ఒక్కో సెల్ పూర్తిగా నిండితే 4.2 వోల్టులు. స్పీడ్ కంట్రోలర్‌ను లైపో మోడ్‌లో పెట్టి, సెల్‌కు 3.2 వోల్టుల దగ్గర ఆగేలా చూడండి. వారం రోజులు వాడకపోతే 3.8 వోల్టుల దగ్గర నిల్వ ఉంచండి. 2,200 ఎంఏహెచ్ బ్యాటరీని 2.2 ఆంపియర్లతో, 5,000దాన్ని 5 ఆంపియర్లతో ఛార్జి చేయాలి. ఛార్జింగ్ బండలు పరిచిన నేల మీద, మీ కళ్ల ముందు జరగాలి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జి చేయకండి.

అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత విడిభాగాలు తెప్పించుకోవడం మన ఇళ్లలో మామూలే. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే ఉండాలి, కొనలకు టేపు వేయాలి. సాధారణంగా 100 వాట్ అవర్ల లోపు వాటికి విమానయాన సంస్థ అనుమతి అడగక్కర్లేదు. 11.1 వోల్టుల 2,200 ఎంఏహెచ్ బ్యాటరీ 24.4 వాట్ అవర్లే. ఈ లెక్క వాళ్లకు ముందే చెబితే విమానాశ్రయంలో అన్నయ్యకో బాబాయికో ఇబ్బంది ఉండదు.

ఆచరణలో పెట్టండి

1. వారాంతానికి ఒక్క మార్పు. ఆదివారం సాయంత్రానికి బండి నేల మీద నడవాలి. నడవదనిపిస్తే ఆ మార్పు వెనక్కి తీసి పాత భాగమే బిగించండి. పాత భాగాలను అందుకే పారేయకూడదు.

2. ప్రతి మార్పుకూ నోటుపుస్తకంలో ఒక పేజీ. ఏం మార్చారు, ముందు వెనుక బరువులెంత, పక్కవాలు కోణమెంత, పరీక్ష రాయి మీద ఎక్కడి దాకా వెళ్లింది. ఒకసారి ఎక్కితే లెక్కలోకి తీసుకోకండి, అదే దారిలో వరుసగా మూడుసార్లు ఎక్కాలి.

3. ఒకేసారి రెండు భాగాలు చేతికొచ్చినా ఒకటి డబ్బాలోనే ఉంచండి. రెండూ కలిపి బిగిస్తే బండి బాగుపడినా దేనివల్లో తెలియదు, పాడైనా దేనివల్లో తెలియదు.

4. కొత్త భాగం ఆర్డరు పెట్టేముందు పుస్తకంలో చివరి పేజీ చదవండి. బండి ఎక్కడ ఆగిందో దానికి ఆ భాగం జవాబు చెబుతుందా? చెప్పకపోతే ఆ నెల డబ్బు మిగిలినట్టే.

5. పిల్లలతో కలిసి చేస్తుంటే కాటా చూడటం, లెక్క వేయడం, పుస్తకంలో రాయడం వాళ్లకు అప్పజెప్పండి. టంకం, ఛార్జింగ్ మీ చేతిలో ఉంచుకోండి.

పరీక్ష రాయిని బండి వరుసగా మూడుసార్లు ఎక్కేసిన రోజున కొత్త భాగాల కోసం వెతకడం ఆపేయండి. బండిని అలాగే ఉంచి, ఇంకాస్త కష్టమైన రాయి చూసుకోండి. తర్వాత ఏ భాగం మార్చాలో ఆ రాయే చెబుతుంది.